వంగితేనే కనిపించే పూలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో మా బోటనీ క్లబ్ నడకల గురించి నాలుగు మాటలు రాశాను. తోటల్లో పెంచే పూలు కాకుండా, ఆ నేల మీద వాటంతటవే మొలిచి పూసే మొక్కల్ని పదిమంది కలిసి వెళ్లి చూడటం, పేర్లు తెలుసుకోవడం, రాసిపెట్టుకోవడం మా పని. దానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఈసారి పేజీ మొత్తం వాటికే. మొదటి జవాబు కాస్త పెద్దదే అయింది. ఎక్కువమంది అడిగిన ప్రశ్న అదే మరి.

ప్రశ్న: మేడమ్, నేను గృహిణిని. పిల్లలు పై చదువులకు వెళ్లిపోయాక పొద్దున్నే నడవడం అలవాటు చేసుకున్నాను. దారి పక్క గడ్డిలో పూసే చిన్న చిన్న పూలు చూస్తే కాళ్లు ఆగిపోతాయి. ఒక్కదాని పేరూ తెలియదు. దగ్గర్లో మొక్కల క్లబ్ ఒకటుందని తెలిసింది. కానీ అక్కడంతా ప్రొఫెసర్లు, లాటిన్ పేర్లు! ఇంటర్ కూడా పూర్తి చెయ్యని నేను వాళ్ల మధ్యకి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చంటారా?

జవాబు: వెళ్లండమ్మా, ఈ వారమే వెళ్లండి. కాళ్లు ఆగిపోతాయన్నారు చూశారూ, క్లబ్‌కి కావలసింది ఆ గుణమే. పేర్లు ఎవరైనా చెప్తారు. ఆగి చూడటం మాత్రం ఎవరికి వాళ్లకే రావాలి.

చదువు సంగతి అడిగారు కాబట్టి ఇంగ్లండ్ నేతగాళ్ల గురించి చెప్పాలి. 19వ శతాబ్దం మొదట్లో లాంకషైర్ ప్రాంతంలో మగ్గం నేసుకుని బతికేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, తోటమాలులు కలిసి మొక్కల సంఘాలు పెట్టుకున్నారు. వారమంతా పని, ఆదివారం ఒక్కటే సెలవు. ఆ రోజున ఊళ్లోని పబ్‌లో కలిసేవాళ్లు. అంతమంది కూర్చోవడానికి వాళ్లకు దొరికే గది అదే. ఎవరికి దొరికిన మొక్కలు వాళ్లు తెచ్చి బల్ల మీద పోసేవాళ్లు. అధ్యక్షుడు అందులోంచి ఒకటి తీసి, దాని ప్రజాతి పేరు, జాతి పేరు చెప్పి పక్కవాడి చేతికి ఇచ్చేవాడు. అతను అదే పేరు చెప్పి తన పక్కవాడికి ఇచ్చేవాడు. అలా మొక్క గది చుట్టూ తిరిగేది, పేరూ దానితోపాటు తిరిగేది. పుస్తకాలు ఒక్కొక్కరు కొనుక్కోలేరు కాబట్టి చందా డబ్బుల్లోంచి కొని అందరూ చదువుకునేవాళ్లు. జాన్ హార్స్‌ఫీల్డ్ అనే నేత పనివాడు ఇలాంటి సంఘానికే అధ్యక్షుడు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కల్ని విభజించిన 24 తరగతుల పేర్లు ఒక కాగితం మీద రాసి, మగ్గం గుంజకు అంటించుకుని, నేస్తూ నేస్తూ కంఠతా పట్టాడు. లాటిన్ పేర్లకి భయపడటమెందుకో, రోజంతా పని చేసుకుంటూ వాటిని నేర్చుకున్నవాళ్లు ఉండగా! వాళ్లు నేర్చుకున్నది చెవితో, చేతితో. మీరూ అలాగే నేర్చుకుంటారు.

మొదటి నడకలో ఏం జరుగుతుందో చెప్తాను, భయం సగం పోతుంది. గంటలో మహా అయితే రెండు ఫర్లాంగులు కదులుతారు. ప్రతి నాలుగడుగులకీ ఎవరో ఒకరు కూర్చుండిపోతారు, మిగతావాళ్లు చుట్టూ మూగుతారు. మా నడకల్లో కొత్తవాళ్లకు నేను మొట్టమొదట చూపించేది తుమ్మి మొక్క. బీడు భూమిలో, గట్ల మీద మోకాలెత్తు కూడా లేకుండా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. దాని కాడని రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లిగా దొర్లించమంటాను. గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలు వేలికి తగులుతాయి. ఆకులు ఎదురెదురుగా జతగా ఉంటాయి. కణుపు దగ్గర బంతిలా గుమిగూడిన పచ్చటి రక్షకపత్రాల్లోంచి తెల్లటి పూలు తొంగి చూస్తుంటాయి. ఇక భూతద్దంలోంచి ఒక్క పువ్వుని చూడండి. రెండు పెదవులు. పై పెదవి చిన్న గొడుగులాగా వంగి, తెల్లటి నూగుతో నిండి ఉంటుంది. కింది పెదవి వెడల్పుగా మూడు భాగాలై ఉంటుంది, మధ్య భాగం అన్నిటికన్నా పెద్దది. తేనెటీగ వాలేది ఆ కింది పెదవి మీద. కేసరాలు పై గొడుగు కింద దాక్కుని ఉంటాయి కాబట్టి, తేనె కోసం అది తల లోపల పెట్టగానే పుప్పొడి దాని ఒంటి మీద రాలుతుంది. పువ్వు రాలాక ఆ పచ్చటి గిన్నె అడుగున చూస్తే నాలుగు చిన్న గింజలు.

ఇప్పుడు తులసి దగ్గరికి వెళ్లి ఇవే వెతకండి. పలకల కాడ, ఎదురెదురు ఆకులు, రెండు పెదవుల పువ్వు, నాలుగు గింజలు. అన్నీ ఉంటాయి. రెండూ ఒకే కుటుంబం. ఈ ఒక్క కుటుంబం కంటికి అలవాటైతే ఇంతకు ముందెన్నడూ చూడని మొక్క ఎదురైనా, "ఇది తుమ్మివాళ్ల తాలూకుది" అని మీరే అంటారు. ఆ మాట మొదటిసారి అన్న మనిషి మొహం చూడటం నాకు చాలా ఇష్టం. అందుకే ఎన్నేళ్లయినా కొత్తవాళ్లని నేనే తీసుకెళ్తానంటాను.

తీసుకెళ్లాల్సినవి మూడే. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, నోట్‌బుక్, పెన్సిల్. పెన్ను వద్దు, వానకి అక్షరాలు కరిగిపోతాయి. భూతద్దాన్ని పువ్వు దగ్గర పెట్టి దూరం నుంచి చూడకూడదు. కంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకుని, పువ్వునే మెల్లిగా దాని దగ్గరికి తేవాలి, లేదా మీరే పువ్వు దగ్గరికి వంగాలి. స్పష్టంగా కనిపించగానే ఆగిపోవాలి. ఇది తెలియక చాలామంది భూతద్దం కొని కూడా మూలన పడేస్తారు.

ప్రశ్న: ఎనిమిది, పదేళ్ల పిల్లలు ఇద్దరున్నారు. ఇలాంటి నడకలకి తీసుకురావచ్చా? గోల చేస్తారని సంకోచం.

జవాబు: తీసుకురండి. గోల ఇక్కడ కొత్తేం కాదు. 1740లలో లిన్నేయస్ స్వీడన్‌లోని ఉప్సాలాలో విద్యార్థుల్ని వెంటబెట్టుకుని మొక్కల కోసం ఊరి చుట్టూ తిరిగేవాడు. వందల్లో వచ్చేవాళ్లు. సాయంత్రం టోపీలకి పూలు పెట్టుకుని, బూరలు ఊదుతూ, డోళ్లు కొడుతూ, జెండాలు పట్టుకుని ఊళ్లోకి తిరిగొచ్చేవాళ్లు.

పిల్లలు నేలకి దగ్గరగా ఉంటారు కాబట్టి మనకన్నా ముందే చూస్తారు. వాళ్లకి జిల్లేడు పువ్వు చూపించండి. మధ్యలో కిరీటంలా నిలబడిన భాగానికి ఐదు మూలలుంటాయి. మూల మూలకీ మధ్య సన్నని చీలిక, ఆ చీలిక పైన ఆవగింజలో సగం కూడా లేని నల్ల చుక్క. సూది మొనని చీలికలో కింద నుంచి పైకి జరిపి ఆ చుక్కని పట్టి లాగితే, దానికి వేలాడుతూ రెండు పసుపుపచ్చ సంచులు బయటికొస్తాయి. పువ్వు పుప్పొడి మొత్తం ఆ సంచుల్లోనే. పెద్ద నల్ల తుమ్మెద వాలినప్పుడు దాని కాలు ఆ చీలికలో జారి, ఇలాగే సంచుల్ని తగిలించుకుని వెళ్తుంది. పిల్లలు ఆ రోజంతా ఇంకేం మాట్లాడరు. ఒక జాగ్రత్త: సూది పని పెద్దవాళ్లే చెయ్యాలి. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. చూశాక అందరూ చేతులు కడుక్కోవాలి.

ప్రశ్న: మా క్లబ్‌లో గడ్డి చామంతి చూసి బావుందన్నాను. "అది మన మొక్క కాదు, కలుపు" అని ఒకాయన కొట్టిపారేశారు. బావున్నదాన్ని బావుందనడం కూడా తప్పేనా?

జవాబు: తప్పు కాదు. గడ్డి చామంతి పువ్వు నిజంగానే బావుంటుంది. మధ్యలో పసుపు ముద్ద, చుట్టూ లేత రేకులు, ఒక్కో రేకు చివర మూడు నొక్కులు. దాని పుట్టిల్లు అమెరికా ఉష్ణప్రాంతం. అక్కడి క్లబ్‌వాళ్లు దాన్ని సొంత మొక్కగా రాసుకుంటారు. కాబట్టి స్థానికం అనేది మొక్కలో ఉండే సుగుణం కాదు, ఆ మొక్కకీ ఆ నేలకీ ఉన్న పాత పరిచయం.

అయితే ఆయన మాటలో పట్టించుకోవాల్సిన విషయం లేకపోలేదు. ఒక చోట వేల ఏళ్లుగా ఉన్న మొక్కల మీద అక్కడి పురుగులు, సీతాకోకచిలుకలు ఆధారపడి ఉంటాయి. తేనె తాగడానికైతే సీతాకోకచిలుక గడ్డి చామంతి మీదా వాలుతుంది, లంటానా మీదా వాలుతుంది. గుడ్లు పెట్టడం దగ్గరికొస్తే మాత్రం దానికి పట్టింపు ఎక్కువ. నారింజ రెక్కల టైగర్ సీతాకోకచిలుక జిల్లేడు, దాని చుట్టాల మీదే గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగులు ఆ ఆకులే తింటాయి, ఆ పాలలోని విషాన్నే ఒంట్లో దాచుకుని పిట్టల బారి నుంచి కాపాడుకుంటాయి. అలాంటి మొక్కలుండే చోటుని వయ్యారిభామ ఆక్రమించేసిందనుకోండి, పచ్చదనం అలాగే ఉంటుంది, సీతాకోకచిలుకల పిల్లలకి మాత్రం తిండి ఉండదు. నన్నడిగితే నడకంతా పరాయి మొక్కల్ని తిట్టుకుంటూ గడపడం వృథా. నోట్‌బుక్‌లో పేరు రాసి, పక్కన "బయటిది" అని రాసుకోండి చాలు. మీ క్లబ్ వయ్యారిభామ పీకే కార్యక్రమం పెడితే స్థలం యజమాని అనుమతి తీసుకోండి, పూత రాకముందే పెట్టుకోండి, చేతులకి తొడుగులు తప్పనిసరి. దాంతో చర్మానికి, ఊపిరికి ఎలర్జీ వస్తుంది.

ప్రశ్న: వానల తర్వాత గడ్డిలో నేల ఆర్కిడ్ కనిపించింది. ఒక్కటి తవ్వి ఇంటికి తెచ్చి కుండీలో పెంచుకుందామనుకుంటున్నాను. మట్టి ఏది వాడాలి?

జవాబు: దయచేసి తవ్వకండి. మట్టి ఏది వాడినా అది బతకడం కష్టం. ఆర్కిడ్ గింజ ధూళి రేణువంత ఉంటుంది. మొలకకి కావలసిన ఆహారం అందులో ఏమీ ఉండదు. గాలికి ఎగిరి పడిన చోట మట్టిలో సరైన శిలీంధ్రం ఉండి, అది గింజలోకి చేరి ఆహారం అందిస్తేనే మొలక. ఒక్క కాయలో వేలకొద్దీ గింజలుంటే అందులో ఏ ఒకటి రెండో మొక్కలవుతాయి. పెరిగాక కూడా వేళ్లకి ఆ శిలీంధ్రంతో సంబంధం ఉంటుంది. మీరు తవ్వేది మొక్కని మాత్రమే, దాన్ని బతికించే నేలని కాదు. కుండీలో ఒక్కసారి పూసి పోతుంది. గడ్డిలో ఉన్న దుంప మాత్రం ప్రతి ఏడూ వానలకి మళ్లీ లేస్తుంది, చుట్టూ గింజలు చల్లుతుంది.

ఫొటో తీసుకోండి. పువ్వు ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ఆకు, మొత్తం మొక్క, అది ఉన్న చోటు. పేరు పట్టడానికి ఒక్క అందమైన క్లోజప్ కన్నా ఈ ఐదూ ఎక్కువ పనికొస్తాయి. ఫోన్ గ్రూపుల్లో పెట్టేటప్పుడు మాత్రం సరిగ్గా ఎక్కడ ఉందో చెప్పకండి. మొక్కలు, జీవుల ఫొటోలు పెట్టి పేర్లు తెలుసుకునే ఐనాచురలిస్ట్ యాప్ కూడా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల చోటుని కచ్చితంగా చూపించకుండా దాచేస్తుంది. అందమైన ఆర్కిడ్ ఎక్కడుందో పదిమందికి తెలిస్తే, అందులో ఒకరు గునపం పట్టుకుని వస్తారు.

బాగా సాధారణమైన మొక్కల్ని నమూనా కోసం కొయ్యడానికి కూడా మొక్కలవాళ్లలో ఒక పాత లెక్క ఉంది. కళ్లెదుట ఇరవై కనిపిస్తే ఒకటి ముట్టుకోవచ్చు. రక్షిత ప్రాంతాల్లో, అనుమతి లేని చోట అదీ కుదరదు.

ప్రశ్న: పోయిన నడకలో నేను ఒక మొక్క పేరు చెప్పాను. సీనియర్ సభ్యుడొకరు అందరి ముందూ నవ్వి, "అది కూడా తెలీదా" అన్నారు. ఇక వెళ్లాలనిపించడం లేదు. (డిగ్రీ విద్యార్థి)

జవాబు: నీ బాధ సరైనదే బాబూ. పేరు సరిచెయ్యాలి, అందులో మొహమాటం ఉండకూడదు. కానీ సరిచెయ్యడానికి మొక్కని చూపించాలి, మనిషిని కాదు. "ఇటు చూడు, దీని ఆకు అంచుకి పళ్లున్నాయి, నువ్వు చెప్పినదానికి ఉండవు" అంటే నేర్పినట్టు. నవ్వితే నేర్పినట్టు కాదు. క్లబ్ నడిపేవాళ్లు ఇది పట్టించుకోవాలి. మా దగ్గర పేరు ఎవరు చెప్పినా, వయసుతో పని లేకుండా, "ఎలా గుర్తుపట్టారు?" అని అడగడం రివాజు. తెలిసినవాళ్లకీ ఆ ప్రశ్న మంచిదే. గుర్తుపట్టిన కారణం చెప్పలేక ఆగిపోయిన పెద్దవాళ్లని చాలామందిని చూశాను. ఆ తర్వాత వాళ్లే మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని పువ్వు చూశారు.

నువ్వు మానెయ్యకు. ఈసారి నీ పక్కన నడిచే మనిషిని నువ్వే ఎంచుకో. ప్రతి క్లబ్‌లోనూ వెనకబడి, నెమ్మదిగా, గడ్డి జాతుల్ని చూసుకుంటూ వచ్చేవాళ్లు ఒకరిద్దరుంటారు. వాళ్లతో నడు. గడ్డి పూలు చూసే ఓపికున్న మనిషికి నీతో మాట్లాడే ఓపిక కూడా ఉంటుంది.

ప్రశ్న: ఏ రోజు ఏది పూసిందో రాసిపెట్టమని మా క్లబ్‌లో అంటారు. ఈ డైరీలు ఎవరు చూస్తారు? ఏం ఉపయోగం?

జవాబు: ఎవరు చూస్తారో రాసేవాళ్లకి తెలియదు. 1850లలో అమెరికాలోని కాంకర్డ్ పరిసరాల్లో హెన్రీ డేవిడ్ థోరో అనే రచయిత రోజూ నడుస్తూ, ఏ మొక్క ఏ తేదీన మొదటి పువ్వు పూసిందో రాసుకున్నాడు. వందకి పైగా ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలు ఆ తేదీలు తీసుకుని, అదే ఊరి చుట్టూ ఇప్పుడు పూసే తేదీలతో పోల్చారు. వాతావరణం వేడెక్కడంతో చాలా మొక్కలు ముందుగానే పూస్తున్నాయని అలా తేలింది. ఆయన ఆ తేదీలు రాసుకున్నది వాతావరణ మార్పు లెక్కల కోసం కాదు.

కాబట్టి రాయండి, కానీ పనికొచ్చేలా రాయండి. తేదీ సంవత్సరంతో సహా, చోటు కొత్తవాళ్లకీ అర్థమయ్యేలా, ఎన్ని మొక్కలు, మొగ్గా పువ్వా కాయా, ఎవరు చూశారు. "పూలు బాగా ఉన్నాయి" అని రాస్తే పదేళ్ల తర్వాత మీకే ఏమీ తెలియదు. విష్ణుక్రాంత లాంటివైతే ఎన్ని గంటలకి చూశారో కూడా రాయాలి. దాని నీలం పూలు పొద్దున విచ్చుకుని, ఎండ ముదిరే సరికి ముడుచుకుపోతాయి. మధ్యాహ్నం వెళ్లినవాళ్లు "లేవు" అని రాస్తే అది తప్పుడు లెక్క. పువ్వు కనిపించని రోజు కూడా వెళ్లామని రాయండి.

ప్రశ్న: వయసు డెబ్బై దాటింది. మోకాళ్ల నొప్పులతో గట్ల వెంట నడవలేను, వంగలేను. క్లబ్ వాళ్ల కబుర్లు ఫోన్‌లో వింటూ ఉంటాను. ఇక నాకు ఇందులో చోటు లేనట్టేనా?

జవాబు: ఉందమ్మా. నడక అయ్యాక జరిగే పని చాలా ఉంటుంది, దానికి మనుషులు దొరకరు. కోసి తెచ్చిన నమూనాల్ని పాత న్యూస్‌పేపర్ల మడతల్లో పరవాలి. ఒక ఆకునైనా వెనక్కి తిప్పి పెట్టాలి, అడుగు భాగం కూడా కనిపించేలా. పువ్వుల్లో ఒకటి విప్పి పరిస్తే ఇంకా మంచిది. పైన బరువు పెట్టి, మొదటి నాలుగైదు రోజులు రోజూ పేపర్లు మార్చాలి, లేకపోతే బూజు పట్టి నల్లబడతాయి. ఆరాక అట్టకి అంటించి, పేరు, చోటు, తేదీ, తెచ్చినవాళ్ల పేరు చీటీ మీద రాయాలి. సరిగ్గా ఆరబెట్టినవి ఎంత కాలం ఉంటాయంటే, లిన్నేయస్ చేతి మీదుగా వెళ్లిన మొక్కల్ని లండన్‌లోని లిన్నేయన్ సొసైటీలో ఈ రోజుకీ చూడొచ్చు.

ఈ పని కుర్చీలో కూర్చుని చెయ్యొచ్చు. తొందరపడే చేతులకి ఇది రాదు. మీ క్లబ్ వాళ్లకి ఈ పేజీ చూపించి, నడక అయ్యాక నేరుగా మీ ఇంటికే రమ్మనండి. బల్ల ఒకటి, పాత పేపర్లు, చుట్టూ నాలుగు కుర్చీలు ఉంటే చాలు. ఆ రోజు ఎవరేం చూశారో ముందు మీకే చెప్పాల్సి వస్తుంది, ఎందుకంటే చీటీ రాసేది మీరు.